స్లీప్ నుంచి లేవగానే ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ మాయమవుతోందా? కారణం ఇలా పట్టుకోండి

కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి వెళ్తారు. తిరిగొచ్చి చూస్తే పక్కనే కేబుల్‌తో ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ స్క్రీన్ మీద కనిపించదు. లేదా కనిపిస్తుంది కానీ, డిస్క్‌ని సరిగ్గా ఎజెక్ట్ చేయలేదంటూ ఒక హెచ్చరిక వచ్చి ఉంటుంది. మీరు డ్రైవ్‌ని ముట్టుకోనే లేదు. కేబుల్ తీసి మళ్లీ పెడితే పనిచేస్తుంది కాబట్టి చాలామంది అలాగే నెట్టుకొస్తారు. దయచేసి అలా వదిలేయకండి. ఈ సమస్యలో ఎక్కువసార్లు తప్పు డిస్క్‌ది కాదు. కేబుల్, పోర్టు, ఏదో ఒక సెట్టింగ్, లేదా డ్రైవ్ డబ్బాలో ఉండే చిన్న చిప్ దానికి కారణం. కానీ కనెక్షన్ రోజూ ఇలా తెగుతూ ఉంటే ఏదో ఒక రోజు పోయేవి మాత్రం మీ ఫైళ్లే.

కింద చెప్పే పనుల్ని ఇదే వరుసలో చేయండి. ఒకసారికి ఒక్క మార్పు చేసి, స్లీప్‌లో పెట్టి పరీక్షించి, ఆ తర్వాతే రెండో మార్పుకి వెళ్లండి. నాలుగు సెట్టింగులు ఒకేసారి మారిస్తే సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. మళ్లీ వచ్చినప్పుడు మొదటికొస్తారు.

ముందు ఫైళ్ల సంగతి

పరీక్షలు మొదలుపెట్టకముందే డ్రైవ్‌లో ముఖ్యమైనవన్నీ ఇంకోచోటికి కాపీ చేయండి. ఇంకో డ్రైవ్ కావచ్చు, క్లౌడ్ కావచ్చు. మనం చేయబోయే పరీక్షల్లో డ్రైవ్ ఇంకొన్నిసార్లు తెగుతుంది, అది తప్పదు.

కాపీ చేస్తున్నప్పుడు డ్రైవ్ నుంచి టిక్ టిక్‌మని ఒకే లయలో శబ్దం వచ్చినా, వేగం పడిపోయి గంటల తరబడి నడిచినా, ఈ వ్యాసం పక్కన పెట్టండి. అది స్లీప్ సమస్య కాదు, డిస్క్ దెబ్బతింటోంది. అందిన ఫైళ్లు తీసుకుని, దాన్ని రిపేర్ టూల్స్‌తో కదిలించకుండా ఆపేయండి. డేటా చాలా ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వడమే మంచిది.

స్లీప్‌లో నిజంగా జరిగేది

ఇది తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు స్లీప్‌లో కంప్యూటర్ ర్యామ్‌కి మాత్రం కరెంటు ఇస్తూ మిగతా భాగాల్ని ఆపేస్తుంది. పడుకునే ముందు, డ్రైవ్‌కి రాయాల్సిన డేటా ఏమైనా మిగిలి ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేస్తుంది. ఆ తర్వాత యూఎస్‌బీ పోర్టులు సస్పెండ్ స్థితికి వెళ్తాయి. అప్పుడు పోర్టులో 5 వోల్టుల కరెంటు ఉంటుందా పోతుందా అన్నది ఆ మదర్‌బోర్డుని బట్టి, సెట్టింగుల్ని బట్టి ఉంటుంది.

అసలు చిక్కు లేచేటప్పుడు. బడిలో హాజరు పిలిచినట్టు సిస్టమ్ ఒక్కో పరికరాన్నీ పలకరిస్తుంది. ఆగిపోయిన డిస్క్ మళ్లీ పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఈలోగా డబ్బాలోని చిప్ సరిగ్గా బదులివ్వకపోయినా, మధ్యలో కరెంటు పోయి డ్రైవ్ కొత్తగా మొదలైనా, ఎవరో కేబుల్ పీకేశారనే సిస్టమ్ అనుకుంటుంది. మీరు చూసే హెచ్చరిక అక్కడ పుట్టిందే.

పడుకునే ముందే డేటా రాసేస్తుంది కాబట్టి మూసి ఉన్న ఫైళ్లకి ప్రమాదం తక్కువ. తెరిచి ఉన్నవాటికే ఎక్కువ. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ మీద ఫొటో లైబ్రరీ, వీడియో ఎడిటింగ్ ప్రాజెక్ట్, వర్చువల్ మెషిన్, అకౌంట్స్ డేటాబేస్ లాంటివి తెరిచి ఉంచి స్లీప్‌లో పెట్టే అలవాటుంటే, కారణం దొరికేదాకా అది మానేయండి.

ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. కంప్యూటర్ స్లీప్‌లో ఉండగా డ్రైవ్ తీసి ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, ఏవో ఫైళ్లు మార్చి, తిరిగి తెచ్చి పెట్టకండి. నిద్రలో ఉన్న సిస్టమ్ తన జ్ఞాపకంలో డ్రైవ్ పాత రూపాన్నే ఉంచుకుంటుంది. లేచాక ఆ పాత లెక్క ప్రకారం రాయడం మొదలుపెడితే ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక, పాడవుతుంది. పని మొత్తాన్ని డిస్క్‌లో భద్రపరిచి కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయే హైబర్నేట్‌లో కూడా ఇంతే.

తెగడం ఎప్పుడు జరుగుతోందో చూడండి

డ్రైవ్ లైట్ మీకు కనిపించేలా పెట్టుకోండి. కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి, ఒక నిమిషం ఆగి లేపండి. తర్వాత అరగంట, ఆ తర్వాత ఒక రాత్రి అలాగే ఉంచి చూడండి. ప్రతిసారీ ఏమైందో కాగితం మీద రాసుకోండి.

ఒక నిమిషానికే తెగితే అనుమానం కరెంటు మీద, కేబుల్ మీద, పోర్టు మీద పెట్టుకోండి. నిమిషం తర్వాత బాగుండి, అరగంట తర్వాత తెగితే డ్రైవ్‌కి సొంతంగా ఉండే నిద్ర టైమర్ కారణం కావచ్చు. రాత్రంతా ఉంచినప్పుడే తెగితే, మధ్యలో కంప్యూటర్ స్లీప్ నుంచి హైబర్నేట్‌కి మారి ఉండొచ్చు. హైబర్నేట్‌లో పోర్టులకి సాధారణంగా కరెంటు ఉండదు. అక్కడ డ్రైవ్ తెగడం సహజం, అందులో చెడిపోయిందేమీ లేదు. అసలు స్లీప్‌తో పనిలేకుండా, మీరు పనిచేస్తుండగానే తెగుతుంటే అది కేబుల్ అని దాదాపు రాసిపెట్టుకోవచ్చు.

విండోస్‌లో దీనికి సాక్ష్యం కూడా దొరుకుతుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్ చూడండి. డిస్క్ అనే సోర్స్ నుంచి 157 నంబరు ఈవెంట్ ఉంటే డ్రైవ్ చెప్పాపెట్టకుండా తెగిందని అర్థం. కెర్నల్ పవర్ నుంచి వచ్చే 42 నంబరు స్లీప్‌లోకి వెళ్లిన సమయాన్ని చూపిస్తుంది. పవర్ ట్రబుల్‌షూటర్ నుంచి వచ్చే 1 నంబరు లేచిన సమయాన్ని చూపిస్తుంది. ఈ మూడింటి సమయాలు పక్కపక్కన పెట్టి చూస్తే డ్రైవ్ పడుకునేటప్పుడు తెగిందా, లేచేటప్పుడు తెగిందా, మధ్యరాత్రి తెగిందా అన్నది తేలిపోతుంది. ఊహలతో గంటలు పోగొట్టుకునేకంటే దీనికి ఐదు నిమిషాలు పెట్టడం ఎంతో మేలు.

కేబుల్, పోర్టు, కరెంటు

సెట్టింగుల జోలికి వెళ్లకముందు ఈ భాగం పూర్తి చేయండి. అందరూ ముందు సెట్టింగులే వెతుకుతారు, చివరికి చాలాసార్లు సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 ఇస్తుంది. జేబులో పట్టే 2.5 అంగుళాల డ్రైవ్ మామూలుగా నడిచేటప్పుడు అంత తీసుకోదు. కానీ ఆగిన స్థితి నుంచి తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని క్షణాల్లో చాలా డ్రైవులు ఒక ఆంపియర్ దాకా లాగుతాయి. కంప్యూటర్ లేచిన క్షణమే డ్రైవ్ కూడా తిరగడం మొదలుపెడుతుంది. కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్ అన్నీ అప్పుడే లేస్తాయి. పోర్టు కొంచెం బలహీనంగా ఉంటే వోల్టేజ్ ఆ క్షణం పడిపోతుంది, డ్రైవ్ రీసెట్ అవుతుంది. పగలంతా బాగా పనిచేసిన డ్రైవ్ లేచేటప్పుడే ఎందుకు తెగుతుందో ఇప్పుడు తెలిసిందిగా.

అందుకని మొదట హబ్, డాక్ అన్నీ పక్కనపెట్టి డ్రైవ్‌ని నేరుగా కంప్యూటర్ పోర్టుకి పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వద్దు, అవి లోపల ఇంకో వైరు మీదుగా మదర్‌బోర్డుకి వెళ్తాయి. వెనకవైపు ఉండేవి నేరుగా బోర్డు మీదే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో ఒక పోర్టులో సమస్య ఉంటే రెండో వైపు పోర్టులో పెట్టి చూడండి. రెండు వైపులూ వేర్వేరు కంట్రోలర్ల కింద ఉండే అవకాశం ఉంది.

తర్వాత కేబుల్ మార్చండి. పొట్టిగా, కాస్త మందంగా ఉన్నది తీసుకోండి. పాత డ్రైవులకి ఉండే వెడల్పాటి మైక్రో బీ కనెక్టర్ కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. డ్రైవ్ లైట్ చూస్తూ ప్లగ్‌ని మెల్లగా కదిపితే లైట్ ఆరి వెలుగుతోందా, ఇక వేరే అనుమానాలు అక్కర్లేదు. ఈ పరీక్ష మాత్రం డ్రైవ్‌లో ఏమీ కాపీ అవ్వనప్పుడే చేయండి. టైప్ సీ కేబుల్స్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే చాలా కేబుల్స్ డేటాని యూఎస్‌బీ 2.0 వేగంతోనే పంపుతాయి. డ్రైవ్ నడుస్తుంది కానీ మెల్లగా నడుస్తుంది. డ్రైవ్‌తో పాటు వచ్చిన కేబుల్, లేదా అదే వేగం ఉన్న కేబుల్ వాడండి.

పోర్టులు చాలక హబ్ తప్పనిసరి అయితే సొంత అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి. అడాప్టర్ లేని హబ్ ఒక్క పోర్టు కరెంటునే అందరికీ పంచుతుంది. నా మాట వింటే, అలాంటి హబ్ మీద హార్డ్ డ్రైవ్ అసలు పెట్టొద్దు.

ఎవరికీ వెంటనే తట్టని కారణాలు రెండున్నాయి. మొదటిది మానిటర్. మానిటర్ వెనక ఉండే యూఎస్‌బీ పోర్టుకి డ్రైవ్ పెట్టి ఉంటే, స్క్రీన్ నిద్రపోగానే కొన్ని మానిటర్లు ఆ పోర్టులకి కరెంటు ఆపేస్తాయి. మానిటర్ బటన్ల మెనూలో స్టాండ్‌బైలో యూఎస్‌బీ ఆన్‌లో ఉంచే ఎంపిక ఉంటే ఆన్ చేయండి, లేకపోతే డ్రైవ్‌ని అక్కడి నుంచి తీసేయండి. రెండోది కరెంటు ఆదా చేసే ఎక్స్‌టెన్షన్ బోర్డు. కొన్ని బోర్డుల్లో ప్రధాన ప్లగ్‌లో ఉన్న కంప్యూటర్ తక్కువ కరెంటు తీసుకోవడం మొదలుపెట్టగానే మిగతా ప్లగ్గులన్నీ వాటంతటవే ఆగిపోతాయి. టేబుల్ మీద పెట్టే పెద్ద 3.5 అంగుళాల డ్రైవులకి సొంత అడాప్టర్ కావాలి. ఆ అడాప్టర్ ఇలాంటి బోర్డులో ఉంటే, కంప్యూటర్ స్లీప్‌కి వెళ్లిన ప్రతిసారీ డ్రైవ్ కరెంటు పోతుంది. ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం ఉండదు. అడాప్టర్‌ని గోడ ప్లగ్‌కి మార్చండి, చాలు.

విండోస్‌లో మార్చాల్సినవి

మీ కంప్యూటర్‌లో ఉన్నది ఎలాంటి స్లీపో ముందు తెలుసుకోండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్, సీ, ఎఫ్, జీ అన్నీ కలిపి టైప్ చేసి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్, ఏ కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే వివరాల్లో, అందుబాటులో ఉన్నవాటి జాబితాలో ఎస్3 అని ఉంటే మీది పాత పద్ధతి స్లీప్. అక్కడ ఎస్0 పక్కన ‘లో పవర్ ఐడిల్’ అని ఉంటే మోడర్న్ స్టాండ్‌బై. ఈ రెండో రకంలో స్క్రీన్ ఆరినా మెషిన్ పూర్తిగా పడుకోదు, అప్పుడప్పుడు లేచి చిన్న చిన్న పనులు చేసుకుంటుంది. అందుకే కొత్త ల్యాప్‌టాప్‌లలో ఒక్క రాత్రిలో డ్రైవ్ పలుమార్లు తెగి, కలిసి, మళ్లీ తెగినట్టు లాగ్‌లో కనిపిస్తుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైజెస్‌లోకి వెళ్లి, యూఎస్‌బీ ఎంచుకోండి. అక్కడ యూఎస్‌బీ బ్యాటరీ సేవర్ అని ఉంటుంది. స్క్రీన్ ఆరగానే యూఎస్‌బీ పరికరాల్ని ఆపే సెట్టింగ్ అది. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ముందు దీన్నే ఆఫ్ చేసి పరీక్షించాలి.

తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్. ఇక్కడ రెండు చోట్ల పని ఉంది. హార్డ్ డిస్క్ కింద టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్ అనే చోట సున్నా పెట్టండి, అది నెవర్ అవుతుంది. యూఎస్‌బీ సెట్టింగ్స్ కింద సెలెక్టివ్ సస్పెండ్‌ని డిసేబుల్ చేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ రెండో వరుస కనిపించదు, కంగారు పడకండి.

సెలెక్టివ్ సస్పెండ్ గురించి నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ సమస్యకి అందరూ మొదట చెప్పే చిట్కా ఇదే. కానీ అది ప్రధానంగా కంప్యూటర్ మేలుకుని ఉండి, డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడు జరిగే వ్యవహారం. మొత్తం సిస్టమ్ ఎస్3 స్లీప్‌కి వెళ్లినప్పుడు పోర్టుకి కరెంటు ఉంటుందా లేదా అన్నది ఈ సెట్టింగ్ చేతిలో లేదు. కాబట్టి దీన్ని మార్చి చూడండి, ఫలితం లేకపోతే మళ్లీ పాతచోటే పెట్టేయండి. ల్యాప్‌టాప్‌లో అది బ్యాటరీని నిజంగానే ఆదా చేస్తుంది.

డివైస్ మేనేజర్‌లో కూడా ఇలాంటిదే ఒకటుంది. యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్ అని ఉన్న ప్రతిదాని మీదా రెండుసార్లు క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి అనుమతించే టిక్ తీసేయండి. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక ఈ టిక్ తిరిగి రావచ్చు. కొన్ని నెలలు బాగుండి హఠాత్తుగా సమస్య తిరగబెడితే ముందు ఇక్కడికి రండి.

డ్రైవ్ తిరిగి వస్తోంది కానీ ప్రోగ్రాములు దాన్ని గుర్తుపట్టట్లేదా? డ్రైవ్ అక్షరం మారిందేమో చూడండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్ ద్వారా ఎం తర్వాత వచ్చే అక్షరం ఏదైనా కేటాయించండి. మధ్యలో పెన్‌డ్రైవ్ పెట్టినా ఇది మారదు. విండోస్‌లో డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ పెట్టి ఉంటే ప్రతి తెగింపు తర్వాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ డ్రైవ్‌కి ఆటో అన్‌లాక్ ఆన్ చేస్తే ఆ బాధ తగ్గుతుంది.

అదే కిటికీలో డ్రైవ్ ప్రాపర్టీస్, పాలసీస్ ట్యాబ్ కూడా చూసి రండి. క్విక్ రిమూవల్ ఎంచుకుని ఉండాలి. 1809 వెర్షన్ నుంచి విండోస్ 10లో ఎక్స్‌టర్నల్ డ్రైవులకి అదే డిఫాల్ట్. ఎవరైనా వేగం కోసం బెటర్ పర్ఫార్మెన్స్‌కి మార్చి ఉంటే, సమస్య తీరేదాకా వెనక్కి మార్చండి. ఇది తెగడాన్ని ఆపదు, తెగినప్పుడు జరిగే నష్టాన్ని తగ్గిస్తుంది.

మ్యాక్ వాడేవాళ్లకి

డెస్క్‌టాప్ మ్యాక్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఎనర్జీ, మ్యాక్‌బుక్ అయితే బ్యాటరీలో ఆప్షన్స్ తెరవండి. వీలైనప్పుడల్లా హార్డ్ డిస్కుల్ని స్లీప్‌లో పెట్టమనే స్విచ్ ఆఫ్ చేయండి. డెస్క్‌టాప్ మ్యాక్‌లో డిస్‌ప్లే ఆరినప్పుడు కంప్యూటర్ తనంతట తాను స్లీప్‌కి వెళ్లకుండా ఆపే స్విచ్ ఉంది. డ్రైవ్ ఎప్పుడూ తగిలించే ఉంచే మ్యాక్ అయితే దాన్ని ఆన్‌లో పెట్టడం నాకు నచ్చిన పరిష్కారం. స్క్రీన్ ఆరిపోతుంది, డ్రైవ్ మాత్రం తెగదు. మ్యాక్‌బుక్‌లో ఇదే స్విచ్ ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు వర్తిస్తుంది.

పొద్దున్నే లేచి చూసేసరికి ఎజెక్ట్ హెచ్చరికలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటే, రాత్రి మ్యాక్ పలుమార్లు సగం లేచిందన్నమాట. నెట్‌వర్క్ కోసం లేపే వేక్ ఫర్ నెట్‌వర్క్ యాక్సెస్‌ని, పాత ఇంటెల్ మ్యాక్‌లో అయితే పవర్ న్యాప్‌ని కూడా ఆఫ్ చేసి ఒక రాత్రి చూడండి. యాపిల్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద యాక్సెసరీల్ని అనుమతించే సెట్టింగ్ ఉంటుంది. అది ప్రతిసారీ అడిగేలా ఉంటే, తెగి మళ్లీ కలిసిన డ్రైవ్ మీ అనుమతి కోసం ఆగి ఉండొచ్చు.

మ్యాక్‌లో స్లీప్‌కి ముందు డ్రైవుల్ని ఎజెక్ట్ చేసి, లేవగానే తిరిగి మౌంట్ చేసే జెట్టిసన్ అనే యాప్ ఒకటుంది. సెట్టింగులతో కుదరనప్పుడు అది నిజంగా ఉపయోగపడుతుంది.

లైనక్స్‌లో

బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ లాంటి టూల్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే దాన్నే ముందు అనుమానించండి. యూఎస్‌బీ ఆటోసస్పెండ్ నుంచి మీ డ్రైవ్‌ని మినహాయించే జాబితా దాని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఉంటుంది, డ్రైవ్ ఐడీ అందులో చేర్చండి. డ్రైవుల్ని మౌంట్ చేసే జాబితా ఉండే ఎఫ్‌స్ట్యాబ్ ఫైల్‌లో డ్రైవ్‌ని ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లతో కాకుండా దాని శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీతో రాయండి, ఎందుకంటే తెగి కలిసినప్పుడు ఆ పేరు మారిపోవచ్చు. కెర్నల్ లాగ్‌లో యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అనే వరుస ఏ సమయంలో వచ్చిందో చూస్తే మిగతా కథ అదే చెబుతుంది.

బయోస్, డ్రైవ్ డబ్బా

ఇంతదాకా ఏదీ పనిచేయకపోతే బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లండి. ఈఆర్‌పీ, డీప్ స్లీప్ లాంటి పేర్లతో ఉండే ఎంపికలు కంప్యూటర్ ఆగినప్పుడు, హైబర్నేట్‌లో ఉన్నప్పుడు పోర్టులకి కరెంటు ఆపేస్తాయి. స్లీప్‌లో యూఎస్‌బీకి కరెంటు ఉంచే ఎంపిక కొన్ని బోర్డుల్లో విడిగా ఉంటుంది. పేర్లు బోర్డుకో రకంగా ఉంటాయి కాబట్టి మీ బోర్డు మాన్యువల్ పక్కన పెట్టుకుని చూడండి. మార్చే ముందు పాత సెట్టింగ్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

ఇక డబ్బా. ప్రతి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనూ డిస్క్ భాషని యూఎస్‌బీ భాషలోకి మార్చే బ్రిడ్జ్ చిప్ ఉంటుంది. నిద్ర నుంచి లేవడంలో తడబడేది తరచుగా ఇదే. తయారీ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరుకి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి, డాక్ వాడుతుంటే డాక్‌కి కూడా. కొన్ని కంపెనీల యుటిలిటీలో డ్రైవ్ సొంత నిద్ర టైమర్‌ని మార్చే వీలుంటుంది. నిమిషం పరీక్షలో పాసై, అరగంట పరీక్షలో తప్పిన డ్రైవులకి ఆ టైమర్‌ని ఆపేయడం సరిపోతుంది.

డిస్క్‌ని వేరే డబ్బాలోకి (ఎన్‌క్లోజర్) మార్చాలనే ఆలోచన వస్తే తొందరపడకండి. కొన్ని పోర్టబుల్ డ్రైవుల్లో యూఎస్‌బీ కనెక్టర్ డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, మార్చడానికి ఏమీ ఉండదు. కొన్నింట్లో బ్రిడ్జ్ చిప్పే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. అలాంటి డిస్క్ కొత్త డబ్బాలో చదవడానికి వీల్లేకుండా కనిపిస్తుంది. ఫైళ్లన్నీ ఇంకోచోట ఉన్నాయని రూఢి చేసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

లేచాక డ్రైవ్ రాకపోతే ఆ క్షణం ఏం చేయాలి

డ్రైవ్ లైట్ వెలుగుతోందా, తిరుగుతున్న చప్పుడు వస్తోందా అని చూడండి. వస్తుంటే అర నిమిషం ఆగండి. తర్వాత విండోస్‌లో డివైస్ మేనేజర్ యాక్షన్ మెనూలో స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్ నొక్కండి. అప్పటికీ రాకపోతే ఆ డ్రైవ్‌లోని ఫైళ్లు తెరిచి ఉన్న ప్రోగ్రాములు మూసి, కేబుల్ తీసి, పది సెకన్లు ఆగి పెట్టండి.

డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయమని అడిగినా క్యాన్సిలే. టెన్షన్‌లో ఆ బటన్ నొక్కి డేటా పోగొట్టుకోవడం చాలా సులువు. ముందు ఇంకో కేబుల్‌తో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. మొదటి కంప్యూటర్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేశాకే ఆ పని చేయండి.

తిరిగి కనిపించాక ముఖ్యమైన ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, కాపీ ఉందని నిర్ధారించుకుని, విండోస్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్‌లోని టూల్స్ ట్యాబ్‌లో చెక్ నొక్కండి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీలోని ఫస్ట్ ఎయిడ్ నడపండి. ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేసిన డ్రైవులకి ఇది మరీ అవసరం. విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మార్పుల్ని ముందుగా నమోదు చేసుకునే జర్నల్ ఉంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌లో అది లేదు. డ్రైవ్ ఒక్క విండోస్‌తోనే వాడుతుంటే దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. అయితే అలా మార్చడానికి ఫార్మాట్ చేయాలి, డేటా మొత్తం ముందు వేరేచోటికి తీయాలి.

డిస్క్ ఆరోగ్యం కూడా ఒకసారి చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత టూల్‌లో డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కలు కనిపిస్తాయి. 192వ నంబరు, హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు డిస్క్ హెడ్‌ని అత్యవసరంగా వెనక్కి లాక్కున్న సార్లని లెక్కపెడుతుంది. ప్రతి స్లీప్ తర్వాతా అది పెరుగుతోందంటే డ్రైవ్‌కి నిజంగానే కరెంటు పోతోంది, మళ్లీ పోర్టు, అడాప్టర్ దగ్గరికి వెళ్లండి. డ్రైవ్ తెగుతున్నా అది పెరగట్లేదంటే కరెంటు కంటే బ్రిడ్జ్ చిప్ మీద, సిస్టమ్ మీద అనుమానం పెంచుకోవచ్చు. డిస్క్ మీద పాడైన చోట్లని లెక్కపెట్టే 5, 197, 198 నంబర్ల అసలు విలువలు సున్నా నుంచి పైకి కదులుతుంటే మాత్రం స్లీప్ సంగతి మరిచిపోయి కొత్త డ్రైవ్ చూసుకోండి.

ఏదీ కుదరకపోతే

కొన్ని కంప్యూటర్లు, కొన్ని డ్రైవులు ఒకదానితో ఒకటి పొసగవు. విడివిడిగా రెండూ బాగుంటాయి, కలిస్తే ప్రతి స్లీప్‌కీ తెగుతాయి. వాటి కోసం వారాలు వృథా చేయకండి. ల్యాప్‌టాప్ అయితే మూత మూసే ముందు డ్రైవ్‌ని ఎజెక్ట్ చేయండి. విండోస్‌లో టాస్క్‌బార్ మూలన ఉండే ఐకాన్ నుంచి, మ్యాక్‌లో ఫైండర్ పక్కపట్టీలో డ్రైవ్ పేరు పక్కనున్న బాణం నుంచి అయ్యే పని అది. డెస్క్‌టాప్ అయితే స్లీప్‌ని నెవర్‌లో పెట్టి, స్క్రీన్ మాత్రం పది నిమిషాలకి ఆరేలా పెట్టుకోండి. రాత్రిపూట నడిచే బ్యాకప్ ఉంటే దాని సమయాన్ని మీరు కంప్యూటర్ ముందు ఉండే వేళకి మార్చండి. పెద్ద కాపీ నడుస్తున్నప్పుడు కంప్యూటర్ దానంతటది నిద్రపోకుండా ఉండాలంటే, విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని అవేక్‌ని ఆన్ చేసి, కాపీ పూర్తయ్యాక ఆఫ్ చేసేయండి.